స్లావభాషలయందలి నిత్యవ్యవహారక్రియలు: సాదృశ్యమా, జన్యజనకభావమా?

త్రాగుట, ఇచ్చుట, నిలుచుట, కూర్చుండుట, ఎఱుఁగుట, వండుట, బ్రదుకుట మున్నగు పనులను దెలుపు క్రియలు ఏ భాషకైనను మూలధనము. రాజ్యములు మాఱినను, మతములు మాఱినను, నామపదములు వేలకొలఁదిగా వచ్చి చేరినను, ఈ క్రియలు తఱచుగా నిలిచియుండును. స్లావభాషలయందలి యిట్టి క్రియలను సంస్కృతధాతువులతో సరిపోల్చి చూచువారికి మొదట కలుగునది ఆశ్చర్యము. వెంటనే కలుగునది తొందరపాటు. పీతి యనఁగా త్రాగుట, దాతి యనఁగా ఇచ్చుట, స్తాతి యనఁగా నిలుచుట అని వినఁగానే పా, దా, స్థా ధాతువులు స్ఫురించును. అంతట ఈ భాషలన్నియు సంస్కృతమునుండి పుట్టినవను నిర్ణయము వెలువడును. సభలయందును పాఠశాలలయందును ఈ మాట వినఁబడుచునే యున్నది. ఇది యెంతవఱకు యుక్తమో ఆ క్రియలనే సాక్షులుగాఁ బిలిచి విచారించుట ఈ వ్యాసమునకుఁ బ్రయోజనము.

స్లావభాషలు మూఁడు శాఖలు. రష్యన్, ఉక్రేనియన్, బెలరూసియన్ అనునవి తూర్పుశాఖ. పోలిష్, చెక్, స్లొవాక్, సోర్బియన్ అనునవి పడమటిశాఖ. బల్గేరియన్, మాసిడోనియన్, సెర్బియన్, క్రొయేషియన్, స్లొవీన్ అనునవి దక్షిణశాఖ. 863వ సంవత్సరమున సిరిల్, మెథోడియస్ అను సోదరులు బైజాంటియమునుండి మొరావియాకు మతబోధకై పోయి, క్రైస్తవగ్రంథములను స్లావభాషలోనికిఁ బరివర్తించిరి. ఆ రచనల భాష ప్రాచీనస్లావము. మిగిలియున్న వ్రాతప్రతులు 10, 11 శతాబ్దులవి. ఈ వ్యాసమున భాషాభేదము చెప్పని చోటులనెల్ల ఉదాహృతరూపములు ప్రాచీనస్లావమునవే. స్లావభాషలయందు రెండు నాదోష్మధ్వనులు కలవు: సకారమునకు నాదరూపమైనది యొకటి, శకారమువంటి తాలవ్యధ్వనికి నాదరూపమైనది మఱియొకటి. తెలుఁగున వీనికి సరియైన లిపి లేదు గావున మొదటిది దంత్యమగు ౙకారముచేతను, రెండవది తాలవ్యమగు జకారముచేతను సూచింపఁబడినవి. కంఠమునఁ బుట్టు ఊష్మధ్వనికి హకారము గ్రహింపఁబడినది.

పూర్వపక్షమునకు బలమైన సామగ్రి కలదు. దానిని మఱుఁగుపఱచుట ధర్మము కాదు. సేదేతి (కూర్చుండుట) యనునది సద్ ధాతువు. ౙ్నాతి (ఎఱుఁగుట) యనునది జ్ఞా. వీదేతి (చూచుట), వేదేతి (తెలియుట) అనునవి విద్. జీవెతు (బ్రదుకుచున్నాఁడు) అనునది జీవతి. వెౙెతు (బండిపైఁ గొనిపోవుచున్నాఁడు) అనునది వహతి. పెచెతు (వండుచున్నాఁడు) అనునది పచతి. బూదితి (మేల్కొలుపుట) యనునది బుధ్. ప్రబోధమనఁగా మేల్కొనుటయే గదా. రూపనిష్పత్తియందును ఈ సామ్యము కానవచ్చును. సంస్కృతమున అస్తి యను నేకవచనమున నున్న అకారము సన్తి యను బహువచనమున లోపించును. స్లావమునను యెస్తు, సొంతు అనునవి యట్లే యున్నవి. జుహోత్యాదిగణమునందలి ద్విత్వము దదతి యనునందువలె నేఁటి రష్యన్ భాషయందలి దదూత్ (ఇచ్చెదరు) అను రూపమునఁ జెక్కుచెదరక నిలిచియున్నది. ఇంత సామ్యము కాకతాళీయమనుట సాహసము. ఈ భాషలకు సంబంధము కలదు. ఇందు సందేహము లేదు. ఆ సంబంధము తల్లీబిడ్డలదా, తోఁబుట్టువులదా యనునదియే ప్రశ్న.

ప్రశ్నకు సమాధానము చెవి చెప్పఁజాలదు. రష్యన్ భాషలోఁ బడుటకు పాదత్ అని పేరు. దీనిని విన్న సంస్కృతజ్ఞుఁడు పతతి యనును. విన్న తెలుఁగువాఁడు పడు అనును. ఇరువురును పొరపడిరి. స్లావమున సంస్కృతతకారమునకుఁ దకారమే సరి. త్రయః అనునది త్రియె. పాదత్ అనునందు దకారమున్నది గనుక ఇది పత్ ధాతువు కాదు. ఆపద, విపద అను మాటలయందు నిలిచిన పద్ ధాతువు. పద్యతే యనఁగాఁ బోవుట, పడుట. ఇఁక తెలుఁగు పడు అనునది తమిళ పడు, కన్నడ పడు అనువానికిఁ దోఁబుట్టువు. స్లావముతో దానికి లేశమైనను బంధుత్వము లేదు. ధ్వనియు, అర్థమును రెండును సరిపోయినను సంబంధము లేకపోవచ్చుననుటకు ఇంతకంటె నిదర్శనము వలదు. మఱియు ప్రాచీనస్లావమున యామి యనఁగాఁ దినుచున్నాను అని యర్థము; అది అద్మి. సంస్కృతమున యామి యనఁగాఁ బోవుచున్నాను. అక్షరమున కక్షరము సరిపోయినవి సంబంధము లేనివై, పోలిక యంతగాఁ గనఁబడని అద్మి, యామి యనునవి బంధువులగుచున్నవి. కావున భాషాబంధుత్వమునకుఁ బ్రమాణము పోలిక కాదు, నియతమైన ధ్వనిసంవాదము.

ఆ నియమమును బట్టి చూతము. సంస్కృతమున దా యనఁగా నిచ్చుట, ధా యనఁగా నుంచుట. రెంటికిని భేదము హల్లునందే, అచ్చు ఒక్కటి. ప్రాచీనస్లావమున దాతి యనఁగా నిచ్చుట, దేతి యనఁగా నుంచుట. ఇచట హల్లు ఒక్కటి, భేదము అచ్చునందు. ఒక్క జంటలోనే యీ రెండు భాషల చరిత్రయు నిమిడియున్నది. సంస్కృతము మహాప్రాణమును గాపాడి అచ్చులను గలిపివేసినది; స్లావము అచ్చులను గాపాడి మహాప్రాణమును పోఁగొట్టుకొన్నది. స్లావము సంస్కృతపుత్త్రిక యైనచో, ఒక్క ఆకారమును ఒకచోట ఆకారముగాను మఱియొకచోట ఏకారముగాను జేయు జ్ఞానము దానికెట్లు కలిగెను? ముందున్న హల్లు కారణమందురా, మాతృ శబ్దమునకు స్లావమున మాతి యనియు, కొలుచుట యను నర్థము గల మా ధాతువునకు సంబంధించిన పదము మేరా (కొలఁత) యనియు నున్నవి. ముందున్నది రెండుచోటులను మకారమే. కావున ఆ భేదము స్లావమునఁ బుట్టినది కాదు, పుట్టుకతో వచ్చినది. మూఁడవ సాక్షియైన గ్రీకుభాష ఇచ్చుటకు దిదోమి, ఉంచుటకు తిథేమి యని హల్లును, అచ్చును రెండును వేఱుగా నుంచినది. సంస్కృతము చెప్పిన సగమును, స్లావము చెప్పిన సగమును గ్రీకు కలిపి పలుకుచున్నది. మూలభాష యొకటి యుండి, దానినుండి మూఁడును వేఱుపడినవనుట తప్ప దీనికి వేఱొక యుపపత్తి లేదు.

జకారముయొక్క సాక్ష్యమును ఇట్టిదే. జ్ఞా, జీవ్ అను రెంటను సంస్కృతమున నున్నది యొక్క జకారమే. స్లావమున మొదటిదానికి ౙ్నాతి యని ౙకారమును, రెండవదానికి జీవెతు అని జకారమును వచ్చినవి. తరువాతి వర్ణమే యీ భేదమునకుఁ గారణమను శంకకు జంభ, జని యను శబ్దములు సమాధానము. జంభమనఁగా దంతము, స్లావమున ౙొంబు. జని యనఁగా స్త్రీ, స్లావమున జెనా. సంస్కృతమున రెండుచోటులను జకారమునకు అకారమే పరమైయున్నను స్లావమున హల్లులు భేదించినవి. మూలమున వేఱైన రెండు ధ్వనులను సంస్కృతము కలిపివేసినది. స్లావము వేఱుగాఁ గాపాడినది. ప్రతిగా జ్ఞా యందలి జకారమును, వహ్ యందలి హకారమును సంస్కృతము వేఱుగా నుంచఁగా, ౙ్నాతి, వెౙెతు అని స్లావము కలిపివేసినది. ఒకదాని కలిమి యొకదాని లేమి యగుచున్నది. తల్లి పోఁగొట్టుకొన్న సొమ్ము కూఁతుచేత నెట్లు దొరకును?

ఈ విచారమువలన సంస్కృతమునకు న్యూనత కలుగునని శంకింపఁబనిలేదు. పాణినీయమునఁ గార్యముగాఁ జెప్పఁబడినదానికిఁ గారణము స్లావక్రియలయందు వెలుఁగులోనికి వచ్చుచున్నది. పచ్ ధాతువునుండి పచతి యేర్పడును. ఘఞ్ ప్రత్యయము వచ్చినపుడు పాక యగును. చకారజకారములకుఁ గవర్గమును విధించు సూత్రము అష్టాధ్యాయి 7వ అధ్యాయము 3వ పాదమునఁ గలదు. సూత్రము ప్రక్రియను జక్కఁగాఁ జెప్పినది. చకారము కకారమేల కావలయునో చెప్పుట దాని పని కాదు. స్లావమున వండుచున్నాను అనుటకు పెకొం, వండుచున్నాఁడు అనుటకు పెచెతు. ఎకారమునకు ముందు కకారము చకారమైనది. తక్కినచోటఁ గకారమే నిలిచినది. ఇట్టి మార్పు తెలుఁగువారికిఁ గొత్త కాదు. కన్నడమున కివి, తెలుఁగున చెవి. కన్నడమున కెఱె, తెలుఁగున చెఱువు. ఇకార ఎకారములకు ముందు కకారము చకారమగుట తెలుఁగు చరిత్రలోనే కలదు. సంస్కృతమునను జరిగినది యిదియే. పచతి యందలి మొదటి ప్రత్యయాచ్చు పూర్వమొకప్పుడు ఎకారము; దానిచేత ధాతువు కకారము చకారమైనది. పాక యందు ఎకారము లేదు గనుకఁ గకారము నిలిచినది. పిదప ఎకారము అకారములోఁ గలిసిపోవుటచేతఁ గారణము మఱుఁగుపడి కార్యము మిగిలినది. 1870-80 నడుమ భాషాశాస్త్రజ్ఞులు ఈ నియమమును గనుఁగొన్నపిమ్మట, సంస్కృతపు అకారమే మూలమనియు, ఎకార ఒకారములు పాశ్చాత్యభాషల వికారములనియు నున్న పూర్వాభిప్రాయము తొలఁగిపోయినది.

షత్వవిధి యింకను రమణీయమైన యుదాహరణము. ఇ, ఉ మున్నగు అచ్చులకును, రేఫమునకును, కవర్గమునకును బరమైన సకారము షకారమగుట పాణినీయమున 8వ అధ్యాయము 3వ పాదమునఁ దెలుపఁబడినది. అందుచేతనే సీదతి యనునది ని యుపసర్గముతోఁ గూడి నిషీదతి యగుచున్నది. స్లావమునను ఇ, ఉ, ర, క అను వర్ణములకుఁ బరమైన సకారము మాఱి హకారమైనది. త్రిషు అను సప్తమీబహువచనము స్లావమున త్రిహు. పలుకుట యను నర్థము గల రెక్ ధాతువునకు భూతకాలరూపము రేహు (పలికితిని). 1895లో డెన్మార్కుపండితుఁడు హోల్గర్ పెడెర్సెన్ ఈ నియమమును స్లావభాషలపట్ల విపులముగా నిరూపించెను. దీని వెలుఁగున హొదితి యను క్రియ చూడఁదగినది. నడచుట యను నర్థమున ఇది స్లావభాషలన్నిట నిత్యము వాడఁబడును. దీని మూలము సద్ ధాతువనిన నెవ్వరును మొదట నమ్మరు. ప్రి, ఉ, పెర్ అను నుపసర్గములకుఁ బరమై సకారము హకారముగా మాఱి, ఆ హకారము ఉపసర్గము లేనిచోటికిని బ్రాఁకినది. అర్థమునకు సాక్షి సంస్కృతమునందే కలదు: ఆసన్నము అనఁగా సమీపించినది; ఆసాదించుట యనఁగాఁ జేరుట. గ్రీకున మార్గమునకు హొదొస్ అని పేరు. ఇట్లు చెవికిఁ దోఁపని బంధుత్వమును నియమము పట్టియిచ్చినది. ఐనను షత్వసామ్యమును బట్టి స్లావమును సంస్కృతజన్య మనరాదు. అవెస్తాభాషయందును ఈ మార్పు కలదు. ఇది యొకప్పుడు ఇరుగుపొరుగున నుండిన తోఁబుట్టువులు పంచుకొన్న మార్పు.

క్రియావిభక్తులయందుఁ గల మోసము వేఱొకటి. సెర్బియన్ భాషలో బెరెమ్ (కోయుచున్నాను), చితామ్ (చదువుచున్నాను) అని మకారాంతములు వినఁబడఁగానే భరామి, చేతామి యని మురియుట కవకాశము కలదు. కాని ప్రాచీనస్లావమున మి యను ప్రత్యయము గల క్రియలు లెక్కకు అయిదు: యెస్మి (ఉన్నాను), దామి (ఇచ్చెదను), యామి (తినుచున్నాను), వేమి (ఎఱుఁగుదును), ఇమామి (కలిగియున్నాను). తక్కినవానికి బెరొం, పెకొం అను తీరున అనునాసికస్వరమే యంతము. అది మి ప్రత్యయమునుండి పుట్టినది కాదు. మి యుండినచో దామి యందువలె నిలిచియే యుండెడిది. సెర్బియన్ భాష మధ్యయుగములలో ఆ కొలఁది క్రియల మకారమును దక్కినవానికెల్ల విస్తరింపఁజేసినది. సంస్కృతమును అట్లే చేసినది. పృచ్ఛామి యనుచోట అవెస్తాగాథలలో పెరెసా యని మికారము లేని రూపము కలదు. భరామి యనుచోట గ్రీకున ఫెరో, లాటినున ఫెరో. కావున భరామి యందలి మికారము సంస్కృతమునఁ గొత్తగా వచ్చి చేరినది. రెండు భాషలును వేఱు వేఱు కాలములయందు, వేఱు వేఱు దేశములయందు, ఒకే పోకడ పోయినవి. దీనిని జన్యజనకభావమనుట పొరపాటు.

అర్థవిషయమునను జాగరూకత వలయును. భృ ధాతువు సంస్కృతమున భరించుట. దాని తోఁబుట్టువగు బ్రత్ రష్యన్ భాషలోఁ దీసికొనుట. ప్రదానమనఁగా మనకు నిచ్చుట. అవే ప్ర, దా యను భాగములు గల ప్రొదాతి స్లావమున నమ్ముట. చిత్ ధాతువు మనకుఁ జిత్తమును, చైతన్యమును ఇచ్చినది. స్లావమున లెక్కించుట, చదువుట, గౌరవించుట యను నర్థములను బొందినది. నేఁటి రష్యన్, పోలిష్, సెర్బియన్ భాషలలోఁ జదువుటకు వాడు క్రియ యిదియే. మఱియు నిత్యవ్యవహారక్రియలన్నియుఁ బితృధనమే యనుకొనుటయు సరికాదు. కొనుట యను నర్థమునఁ బ్రాచీనరష్యన్ భాషలో క్రినుతి యను క్రియ యుండెను. అది క్రీణాతి యొక్క తోఁబుట్టువు. కాని కూపితి యను మాట దాని స్థానము నాక్రమించినది. ఇది వర్తకముతోఁ గూడ జర్మానిక్ జాతులనుండి వచ్చినది. దాని వెనుక లాటినున దుకాణదారుని పేరగు కౌపో యను శబ్దము కలదు. ఇంటిపనుల క్రియలు నిలిచినవి. అంగడి క్రియ మాఱినది.

ఈ విచారము తెలుఁగుపండితులకు దూరదేశవృత్తాంతము కాదు. చెవిని నమ్మి స్లావమును సంస్కృతజన్యమనువాఁడు, అంతకంటె నెక్కువగా సంస్కృతపదములు వినఁబడు తెలుఁగును సంస్కృతజన్యమనక మానఁడు. ప్రాచీనలాక్షణికులు పెక్కు రట్లే తలఁచిరి. కాని క్రియలను విచారించినచోఁ దీర్పు తలక్రిందులగును. త్రాగు, ఇచ్చు, నిలుచు, కూర్చుండు, ఎఱుఁగు, వండు, చూచు అను తెలుఁగుక్రియలలో నొక్కటియుఁ బా, దా, స్థా, సద్, జ్ఞా, పచ్, దృశ్ ధాతువులనుండి వచ్చినది కాదు. సంస్కృతమునుండి వచ్చిన జీవించు, బోధించు, భుజించు మున్నగువానికి నెరవు సొమ్మునకు ముద్రవలె ఇంచుక్ ప్రత్యయము తగిలియున్నది. రష్యన్ భాషయందును అన్యభాషాపదములనుండి క్రియలను జేయుటకు ఓవత్ మున్నగు ప్రత్యయములు కలవు. జీవెతు, పెచెతు, దదూత్ అనువానికి అట్టి ముద్ర లేదు. అవి తమ ద్విత్వముతోను, తమ వర్ణవికారములతోను, తమ యపవాదములతోను పుట్టుకనుండి యున్నవి. వేలయోజనముల దూరముననున్న స్లావము సంస్కృతమునకుఁ దోఁబుట్టువు. ఒక్క యింటనున్నట్లు కలిసిమెలిసియున్న తెలుఁగు వేఱొక వంశము. ఈ రెండు సత్యములును ఒక్క ప్రమాణముచేతనే సిద్ధించుచున్నవి.

క్రియారూపములను బట్టి సంస్కృతమును గ్రీకు, లాటిను, పారసీక, జర్మానిక్ భాషలతోఁ బోల్చి ఫ్రాంజ్ బొప్ తన గ్రంథమును 1816లోఁ బ్రకటించెను; 1833 మొదలు 1852 వఱకు వెలువడిన యతని తులనాత్మకవ్యాకరణమున స్లావమునకును స్థానము కలిగెను. ఆ 1816వ సంవత్సరముననే చెన్నపురిలో వెలువడిన క్యాంబెల్ దొర తెలుఁగువ్యాకరణమునకు ఉపోద్ఘాతముగా ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ వ్రాసిన ప్రబంధమునఁ దెలుఁగు, కన్నడ, తమిళ ధాతువులు ఒండొంటితోఁ బోల్చఁబడి, తెలుఁగు సంస్కృతజన్యము కాదని నిరూపింపఁబడినది. ఒకచోట సంబంధమును స్థాపించుటకును, మఱియొకచోట సంబంధమును నిరాకరించుటకును ఆధారమైనవి క్రియలే, ధాతువులే.

కావున బాలురకు భాషాచరిత్ర బోధించువారు జాబితాలు చూపి యాశ్చర్యపఱచుటతోఁ దృప్తిపడరాదు. దా, ధా యనువాని ప్రక్కన దాతి, దేతి యనువానిని వ్రాసి, ఏ భాష యేమి నిలుపుకొన్నదో, ఏమి పోఁగొట్టుకొన్నదో వారిచేతనే చెప్పింపవలయును. అపుడు సంస్కృతమునకుఁ గృత్రిమమైన మాతృత్వము కట్టఁబెట్టవలసిన పనియుండదు. దానికి నిజమైన సోదరీగౌరవము దక్కును. పాణిని సూత్రములు మాఱవు. వాని వెనుకనున్న కాలము మాత్రము కనఁబడును.